కాలేయంలో చీము గడ్డ: ఒక వేలు నేర్పిన పాఠం

1931లో నిజాంసాగర్ పూర్తయి, 1937లో బోధన్‌లో చక్కెర కర్మాగారం ఏర్పడిన తరువాత చందూర్, వర్ని ప్రాంతాలు వరికీ చెరకుకూ నెలవయ్యాయి. పొద్దంతా పొలంలో నడుము వంచినవారికి సాయంకాలం కల్లు ఒక ఊరట. 1970లలో మేము హైదరాబాదులో వైద్యవిద్య అభ్యసించే నాటికి నిజామాబాద్ జిల్లాలో వైద్య కళాశాల లేదు. అది 2013లో గాని రాలేదు. ఈ పల్లెల రోగులు చాలాసార్లు జబ్బు ముదిరిన తరువాతే రాజధాని వార్డులకు చేరేవారు.

వారిలో ఒక నడివయస్కుణ్ణి మరువలేను. చలిజ్వరం, కుడి పక్కన నొప్పి, పొడిదగ్గు. కుడి ఊపిరితిత్తి అడుగున శ్వాస శబ్దం తగ్గింది గనుక న్యుమోనియా అని కేసు షీటులో రాశాను. మా ఆచార్యులు ఏమీ అనకుండా కుడివైపు చివరి పక్కటెముకల నడుమ ఒక వేలితో నొక్కారు. రోగి విలవిలలాడాడు. పిదప లావుపాటి సూదితో తీయగా చాక్లెట్ రంగు చీము వచ్చింది. అది అమీబా వల్ల కాలేయంలో ఏర్పడిన గడ్డ. ఉబ్బిన కాలేయం డయాఫ్రమ్‌ను పైకి నెట్టడం నన్ను తప్పుదారి పట్టించింది. కళ్లు పచ్చబడలేదు, విరేచనాలు లేవు, మలపరీక్షలో అమీబా కనబడలేదు. ఈ మూడూ లేకున్నా ఈ జబ్బు ఉండవచ్చునని ఆనాడు తెలిసింది.

ఈ అమీబాను 1875లో రష్యాలో ఫ్యోదర్ లేష్ ఒక రోగి మలంలో చూసి వర్ణించాడు. 1912లో కలకత్తాలో లియొనార్డ్ రోజర్స్ ఇపెకాక్ వేరులోని ఎమెటిన్‌ను సూదిమందుగా వాడి ఎందరినో బతికించాడు. అయితే అది గుండెకు హాని చేసే మందు. ఇంజెక్షన్లు సాగినన్నాళ్లూ రోగి మంచం దిగరాదు. మేము నాడి చూస్తూ పక్కన కూర్చునేవాళ్లం. మెట్రోనిడజోల్ ఈ గడ్డలకు పనిచేస్తుందని 1966లో తేలింది. నోటి మాత్రతో కొద్ది రోజుల్లోనే జ్వరం దిగడం మాకు అద్భుతంగా తోచేది.

కల్లు తాగే మగవారిలో ఈ గడ్డ ఎక్కువని దేశంలో పలుచోట్ల వైద్యులు గమనించారు. తప్పు మత్తుదా, కుండల్లో కలిసే మురికి నీటిదా అన్న వాదన ఇంకా తెగలేదు. కానీ "తాగుబోతు" అన్న మాట ఒక్కసారి పడితే చాలు, ఆ రోగి పక్కటెముకల మీద వేలు పెట్టి చూసేవారు తగ్గిపోయేవారు. ఆ మాట నేనూ అన్నాను.

ఇప్పుడు అల్ట్రాసౌండ్ నిమిషాల్లో గడ్డను చూపుతుంది. జ్వరం తగ్గగానే రోగి ఇంటికి పోతాడు. పేగులో మిగిలిన అమీబాను తొలగించేందుకు పది రోజులు వాడవలసిన డైలోక్సనైడ్ మాత్రలు మాత్రం తరచుగా మందుల చీటీలోనే ఉండిపోతున్నాయి.