చందా కట్టి చూసిన ఆటలు

శివరాత్రికి కోటప్పకొండ కింద నిలిచే విద్యుత్ ప్రభలంటే చుట్టుపక్కల ఊళ్లకు పంతం. ప్రభ కట్టడానికీ, దాని ముందు తెల్లవార్లూ నడిచే ప్రోగ్రాముకూ ఊరు చందాలు వేసుకుంటుంది. అమరావతి నుంచి ఒంగోలు దాకా పత్తి, మిర్చి పండే ఈ నేల మీద ఆటపాటల ఖర్చు చాలాకాలం ఇలాగే గడిచింది. చూసేవాళ్లే డబ్బు పెట్టుకున్నారు. యాడ్లు లేకుండా యూట్యూబ్ చూసే దారేదని ఇవాళ వెతికేవాళ్లకు ఈ పాత అలవాటులోనే సగం జవాబు ఉంది.

బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు నాటకాల్లో వేసిన స్త్రీ పాత్రలను జనం టిక్కెట్టు కొని చూశారు. తెనాలి, గుంటూరు ప్రాంతాల్లో పేరున్న నటులందరినీ ఒక రాత్రికి కూడగట్టి ఆడించిన కాంట్రాక్టు నాటకాలకూ టిక్కెట్టే ఆధారం. పొన్నెకల్లులో పుట్టి, 1986లో పద్మశ్రీ అందుకున్న షేక్ నాజర్ వంటి బుర్రకథకులను ఊళ్లు పిలిపించుకుని సంభావన ఇచ్చేవి. కథ మధ్యలో ఆగితే అది చదివింపుల కోసమే. ఫలానా వారు ఇంత ఇచ్చారని పేరు పెట్టి చెప్పేవారు. డబ్బు ఎవరిదో అందరికీ తెలిసేది, ఆ ఇచ్చినవాడు ప్రేక్షకుడికి అంటగట్టే సరుకేదీ ఉండేది కాదు.

1948 డిసెంబరు 1న విజయవాడ రేడియో కేంద్రం మొదలైంది. రేడియో ఉన్న ఇంటివాళ్లు ఏటా పోస్టాఫీసులో లైసెన్సు రుసుము కట్టేవారు. అదీ చందాయే, కాకపోతే దేశమంతా కలిసి కట్టినది. 1967లో బొంబాయి వైపు వివిధభారతిలో వాణిజ్య ప్రకటనలు మొదలయ్యాయి. 1976 జనవరి 1 నుంచి దూరదర్శన్‌కూ వచ్చాయి. సినిమా హాళ్లలో ప్రకటనల స్లైడ్లు సరేసరి.

ఎనభైల్లో టీవీ, వీడియో డెక్కు అద్దెకు తెచ్చి ఒకే రాత్రి రెండు మూడు సినిమాలు వేసుకునేవారు. ప్రకటనల బాధ తప్పిందనుకుంటే, క్యాసెట్ కంపెనీలు బొమ్మ అడుగునే ప్రకటనల అక్షరాలు పరిగెత్తించాయి. డబ్బు కట్టినవాడికీ ప్రకటన తప్పలేదు. 2025 జూన్ 17 నుంచి అమెజాన్ ప్రైమ్ వీడియో మన దేశంలో చేసిందీ అదే. చందాదారుల సినిమాల్లోకే యాడ్లు వచ్చాయి, అవి వద్దంటే ఏడాదికి మరో 699 రూపాయలు.

2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ అమరావతిలో ఏపీ ఫైబర్ గ్రిడ్‌ను ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకు ఇంటర్నెట్, టీవీ, ఫోను ఒకే తీగ మీద ఇంటికొచ్చాయి. తీగకు డబ్బు కట్టినా దాని మీద వచ్చే యాడ్లు ఆగలేదు. 2019 మార్చిలో యూట్యూబ్ ప్రీమియం నెలకు 129 రూపాయలకు మన దేశానికి వచ్చింది. అది వద్దనుకున్నవాళ్లు యూబ్లాక్ ఆరిజిన్, న్యూపైప్ వంటి ఉచిత సాధనాలు పెట్టుకున్నారు. 2023లో యూట్యూబ్ యాడ్ బ్లాకర్ల మీద గట్టిగానే పడింది. బ్లాకర్‌తో చూసేవాడికి ప్రశాంతత దొరుకుతుంది గానీ, వీడియో తీసినవాడికి పైసా రాదు. ప్రీమియం చందాలోనైతే చూసిన సమయాన్ని బట్టి వాళ్లకు వాటా వెళ్తుంది. ఈ తేడా చిన్నది కాదు.

పత్తి, మిర్చి రైతుకు ప్రకటన చిరాకుతో పోయేది కాదు. ఎనభైల్లో గుంటూరు, ప్రకాశం పత్తి చేలను తెల్లదోమ తినేసింది. మందు మీద మందు కొట్టారు, దోమ లొంగలేదు, అప్పు మిగిలింది. 1987-88లో ఈ జిల్లాల్లో పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఏ మందు కొట్టాలో చెప్పేవాడూ, ఆ మందు అమ్మేవాడూ చాలా చోట్ల ఒక్కడే, అంటే ఆ సలహా కూడా ప్రకటనే. సలహానూ సరుకునూ ఒకే నోట వినడం ఎంత ప్రమాదమో ఈ నేలకు అప్పుడే తెలిసింది.

అందుకే గుంటూరు కేంద్రంగా పనిచేసే రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయంలో చేసిన ప్రయోగం విలువైనది. డిజిటల్ గ్రీన్ అనే సంస్థతో కలిసి రైతుల చేతే, రైతుల మాటల్లోనే వీడియోలు తీయించారు. కషాయాలు కాయడం, ఘన జీవామృతం కలపడం వంటివి పొలంలోనే చిత్రించి, బ్యాటరీతో నడిచే చిన్న ప్రొజెక్టరుతో ఊళ్లో నలుగురి మధ్య చూపించారు. ఇంటర్నెట్ అక్కర్లేదు, మధ్యలో యాడ్ రాదు. వీడియో ఆపేది సందేహం అడగడానికే.

ప్రభకు లక్షలు పోగుచేసే ఊరికి ఒక ప్రొజెక్టరు బరువు కాదు. ప్రతి పంచాయతీ ఒకటి కొని, ఈ మిర్చి నాట్లకు ముందే వ్యవసాయ వీడియోలు ఊరందరికీ చూపించాలి. ఫోనులో చూసేవాళ్లు తమకు విద్యో విషయమో నేర్పుతున్న తెలుగు ఛానెల్ ఒక్కదానికైనా నేరుగా చందా కట్టాలి.