తీసేవాళ్ళు, దిగేవాళ్ళు: మా ఇంటి కెమెరాల చరిత్ర

ఫోటోకు సంబంధించి మన తెలుగులో రెండు మాటలున్నాయి. ఒకటి తీయడం, ఇంకొకటి దిగడం. "పెండ్లిలో ఫోటో తీస్తిమి" అంటే కెమెరా మన చేతిలో ఉండిందని అర్థం. "ఫోటో దిగితిమి" అంటే మనం ఫోటోలో ఉన్నామని. మేము బడిలో చదివింది కన్నడం. అక్కడ తెగెయోదు, తెగెసికొళ్ళోదు అని రెండూ ఒకే మాట నుంచి వస్తాయి. కోలారు దిక్కు తరతరాలుగా ఉంటూ, బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు మాట్లాడే మాబోటివాళ్ళకు ఈ తేడా ఎప్పుడూ చెవిలో పడుతూనే ఉంటుంది. మా పాత ఆల్బములు తిరగేసేటప్పుడు ఆ తేడానే పనికొచ్చింది.

మొదటి ఆల్బములో ఉన్నవి చదరం ఫోటోలు. అవి ఆగ్ఫా క్లిక్-3తో తీసినవి. మన దేశంలోనే తయారైన డబ్బా లాంటి కెమెరా అది, 120 రోల్ వేస్తే 12 ఫోటోలు. ఎండకు ఒక గుర్తు, మబ్బుకు ఒక గుర్తు, అంతకుమించి అందులో తిప్పడానికేమీ లేదు. ఫిల్ము కొన్నిసార్లు ఊటీలో తయారైన 'ఇందు'. ఆ కెమెరాను ఇంట్లో అందరూ పట్టినారు. అందుకే అందులో బావి గట్టు ఉంది, ఎద్దులున్నాయి, రాగులు ఆరబోసిన మిద్దె ఉంది, జడలు వేసుకుంటున్న అత్తలున్నారు. సగం ఫోటోల్లో తలలు తెగిపోయి ఉంటాయి. అయినా అందరూ ఉన్నారు.

రెండో ఆల్బము కువైట్‌లో పనిచేసిన చిన్నాయన తెచ్చిన యాషికా ఎఫ్‌ఎక్స్-3ది. అది ఎస్ఎల్ఆర్. ఫోటోలు చూస్తే స్టూడియోలో తీసినట్టే ఉంటాయి. పెండ్లిండ్లు, నామకరణాలు, గృహప్రవేశాలు అన్నీ ఉన్నాయి. వంటిల్లు లేదు, బావి లేదు. చిన్నాయన అసలే లేడు. ఆ కెమెరా ఇంకెవరి చేతికీ ఇచ్చేవాడు కాదు. "ఫోకస్ తెలీదు మీకు, ఫిల్ము దండగ" అనేవాడు. ఆ మాటలో తప్పేం లేదు, ఒక రోల్ కడిగించి ప్రింటు వేయించాలంటే ఆ రోజుల్లో సంసారానికి బరువే. కానీ ఆ పదేండ్లలో ఆయన ముఖం ఎట్లుండెనో చూపడానికి మా దగ్గర పాస్‌పోర్టు ఫోటో తప్ప ఇంకొకటి లేదు.

కాబట్టి చిన్న కెమెరానా, ఎస్ఎల్ఆరా అనే ప్రశ్న మా ఇంటికి డిజిటల్‌తో వచ్చింది కాదు. లోకంలోనూ అది పాతదే.

ఎస్ఎల్ఆర్ అంటే లెన్సు చూసేదే మన కన్నూ చూడడం. లోపల ఒక అద్దం ఏటవాలుగా నిలబడి వెలుతురును పైకి మళ్ళిస్తుంది, బటన్ నొక్కగానే అది లేచి ఫిల్ముకు దారి ఇస్తుంది. 35 మి.మీ. ఫిల్ముకు ఈ ఏర్పాటు 1936లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో తయారైన కీనే ఎక్సాక్టాతో పేరు తెచ్చుకుంది. దాంట్లో తల వంచి పైనుంచి చూడాలి, బొమ్మ కుడి ఎడమలు తారుమారుగా కనిపించేది. అదే ఊరి నుంచి 1949లో వచ్చిన కాంటాక్స్ ఎస్‌లో గాజు పట్టకం పెట్టి, కంటి ఎత్తునుంచే బొమ్మను సరిగ్గా చూపించినారు. లేచిన అద్దం వెంటనే దిగే ఏర్పాటును జపాన్‌లో అసాహీ కంపెనీ 1954లో తెచ్చింది. 1957లో అసాహీ పెంటాక్స్, 1959లో నికాన్ ఎఫ్ వచ్చేసరికి పత్రికల వాళ్ళు ఇటువైపు తిరిగినారు.

అదే కాలంలో ఇంటివాళ్ళ కోసం చిన్న కెమెరాలు కూడా బలంగా వచ్చినాయి: 1961లో కేనన్ కేనొనెట్, 1966లో యాషికా ఎలక్ట్రో 35, 1967లో బ్యాటరీయే అక్కరలేని ఒలింపస్ ట్రిప్ 35. ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. ఈ చిన్న కెమెరాల్లోనూ, పెద్ద ఎస్ఎల్ఆర్‌లోనూ వేసేది అదే ఫిల్ము, అదే 24×36 మి.మీ. చట్రం. జేబులో పట్టే రోలై 35లో కూడా అంతే. ఎలక్ట్రో 35 లెన్సు ఎఫ్/1.7, చాలా ఎస్ఎల్ఆర్ లెన్సులకంటే వెలుతురుది. అంటే ఫిల్ము రోజుల్లో చిన్నదాన్ని ఎంచుకున్నవాడు బొమ్మ నాణ్యతలో ఓడిపోయేవాడు కాదు. లెన్సు మార్చలేడు, దూరపుదాన్ని దగ్గరగా లాగలేడు, అంతే.

డిజిటల్ వచ్చి ఈ సమానత్వాన్ని చెరిపేసింది. సెన్సర్ పెద్దదైతే ఖర్చూ పెరుగుతుంది, లెన్సూ లావవుతుంది. కాబట్టి చిన్న కెమెరాలో సెన్సర్‌ను కుదించేసినారు. పై తరగతి కాంపాక్టుల్లో అది సుమారు 7.5×5.6 మి.మీ., మన చిటికెన వేలి గోరంత. కేనన్ మొదటి మెట్టు ఎస్ఎల్ఆర్‌లలో 22.2×14.8 మి.మీ. వైశాల్యం లెక్కేస్తే దాదాపు ఎనిమిది రెట్లు. 2003లో కేనన్ 300డి బాడీని 899 డాలర్లకు పెట్టి, ఎస్ఎల్ఆర్‌ను సంసారుల అందుబాటులోకి దించింది. 2006లో నికాన్ డి40 ఇంకొక మెట్టు దిగింది. దాంతో పై తరగతి కాంపాక్టూ, మొదటి మెట్టు ఎస్ఎల్ఆరూ ఒకే ధర పలకడం మొదలైంది. తగువంతా అక్కడే.

కాంపాక్టుల తయారీదారులకు కూడా తామెవరో తెలియని కాలం అది. కేనన్ జి వరుస 2000లో మొదలైంది. 2006లో జి7 నుంచి రా ఫైలు తీసేసి, మరుసటి ఏడే జి9లో మళ్ళీ పెట్టినారు. 2008లో జి10లో 14.7 మెగాపిక్సెళ్ళు కుక్కినారు. 2009లో జి11కు వచ్చేసరికి దాన్ని పదికి తగ్గించినారు. కొత్త మోడల్‌లో అంకె తగ్గించి అమ్మడం ఆ వ్యాపారంలో అరుదు. గోరంత చోటులో అన్ని గుంటలు తవ్వితే ఒక్కోదాంట్లో పడే వెలుతురు తక్కువ, గరుకు ఎక్కువ అని వాళ్ళే ఒప్పుకున్నట్టు.

2010లో మా ముందున్నది ఈ లెక్కే. పాత ఇల్లు భాగాలకు వస్తుందని, పడగొడతారని అప్పటికే తెలుసు. అవ్వకు తొంభై దాటింది. ఇంటిని, అటక మీది కాగితాలను, అవ్వను, మూడింటినీ పట్టుకోవాలి. డబ్బు ఒక కెమెరాకే ఉంది. మా పని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, అమ్మేవాడి మాట నమ్మి సంతకం పెట్టే అలవాటు లేదు. స్నేహితుల దగ్గర రెండు రకాలూ అడిగి తెచ్చి, ఒక శనివారం, ఆదివారం పాత ఇంట్లోనే పరీక్ష పెడితిమి.

పొగ పట్టిన వంటింట్లో ఎస్ఎల్ఆర్ గెలిచింది, కానీ అనుకున్నంత కాదు. ఎందుకంటే దాంతో ఇచ్చే 18-55 కిట్ లెన్సు వెడల్పు కొసలో ఎఫ్/3.5, లాగే కొద్దీ 5.6. ఆనాటి పానసోనిక్ ఎల్ఎక్స్3 లాంటి కాంపాక్టుల లెన్సు ఎఫ్/2. అంటే అదే మూడు రెట్ల వెలుతురు లోపలికి తెస్తుంది. ఎనిమిది రెట్ల లాభం రెండున్నరకు దిగిపోతుంది. ఎస్ఎల్ఆర్‌కు విడిగా 50 మి.మీ. ఎఫ్/1.8 లెన్సు కొంటే కథ మారుతుంది గానీ, మా ఎరుకలో కెమెరా కొన్న పదిమందిలో ఆ రెండో లెన్సు కొన్నవాళ్ళు ఒకరిద్దరే.

పరిగెత్తే పిల్లల దగ్గర ఎస్ఎల్ఆర్‌కు ఎదురే లేదు. నొక్కగానే పడుతుంది. చిన్నదాంట్లో మనం నొక్కి, అది ఆలోచించి, పిల్ల చట్రం దాటిపోయాక తీస్తుంది.

కాగితాల దగ్గర మాత్రం తిరగబడింది. పాత పత్రాలు చదునుగా ఉండవు, మడతల దగ్గర లేచి ఉంటాయి. సెన్సర్ చిన్నదైతే స్పష్టత లోతు ఎక్కువ. దాని ఎఫ్/2.8 లోతు ఎస్ఎల్ఆర్‌లో ఎఫ్/8తో సమానం. మడత పైఅక్షరమూ, లోపలి అక్షరమూ రెండూ తేటగా వచ్చినాయి. లెన్సును ముద్ర దగ్గరికి రెండు వేళ్ళ దూరంలో పెట్టినా పట్టింది.

తీర్పు చెప్పింది మాత్రం వీడియో. వీడియో తీసే ఎస్ఎల్ఆర్ 2008లో నికాన్ డి90తోనే మొదలైంది, అడుగు మెట్టు మోడళ్ళన్నింటికీ అప్పటికి అది దిగిరాలేదు. మేము పరీక్షించినదాంట్లో లేదు. కాంపాక్టులో ఉంది, 640×480 మాత్రమే. పెద్ద నల్లటి కెమెరా ఎత్తగానే అవ్వ కొంగు సర్దుకొని, నోరు మూసుకొని, స్టూడియోలో కూర్చున్నట్టు బిగుసుకుంది. చిన్నదాన్ని బియ్యం డబ్బా మీద పెట్టి వదిలేస్తే, మా వాళ్ళు ఏ కరువులో ఎటు నుంచి నడిచి వచ్చినారో, ఏ చెరువు కింద మొదట మడి చేసినారో పద్దెనిమిది నిమిషాలు చెప్పింది. ఆ చెప్పడంలోని తెలుగు ఇప్పుడు మాలో ఎవరికీ నోట రాదు. మేము తెలుగు అక్షరాలు నేర్చుకొన్నది ఆ మాటలను రాసుకోవడానికే.

చిన్నదే కొంటిమి. దాని ఖరీదూ కట్టుకొంటిమి. ఆ ఏటి పెండ్లి ఫోటోలు మండపం దీపాల కింద ఇసుక చల్లినట్టు వచ్చినాయి, మా చెల్లెలు ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది. అయితే మూడో ఆల్బములో చిన్నాయన ఉన్నాడు. తీసింది చిన్నమ్మ, కొంచెం వంకరగా.

ఆ తర్వాత ఈ తగువుకే అర్థం లేకుండా పోయింది. 2012లో సోనీ ఆర్ఎక్స్100 జేబు కెమెరాలో 13.2×8.8 మి.మీ. సెన్సర్ పెట్టింది. 2018లో కేనన్, నికాన్ రెండూ అద్దం లేని పెద్ద కెమెరాలకు దిగినాయి. ఈ మధ్యలో ఫోన్లు తక్కినదంతా మింగేసినాయి.

అవ్వ వీడియోను అక్షరం అక్షరం రాస్తూ ఉన్నాము, పదకొండో నిమిషం దాకా వచ్చినాము. అక్కడ ఆమె చెప్పే చెరువు పేరు మాకు రెండు రకాలుగా వినిపిస్తోంది. మదనపల్లె దిక్కున్న మన బంధువుల్లో పెద్దవాళ్ళెవరైనా విని చెబితే బాగుంటుంది. అట్లే, క్లిక్-3 నెగిటివ్‌లు కొన్ని పెద్దత్త వాళ్ళింటికి పోయినాయని విన్నాము. ఉంటే పారేయకండి, కాగితంలో చుట్టి పెట్టండి, మేమే వచ్చి తీసుకొంటాము.