గ్రౌండు పక్కన రెండు కుర్చీలు

మన ఇంటి చరిత్ర అంటే పెద్దలు ఎప్పుడూ వలస నుంచే మొదలుపెడతారు. తెలుగు నేల నుంచి దక్షిణానికి వచ్చిన కుటుంబాలు, రాజపాళయం, కొండల అడుగున మన మంసాపురం. ఆ తరువాత 1949 నుంచి 1952 దాకా మద్రాసు రాజ్యాన్ని పాలించిన రాజపాళయం పి.ఎస్. కుమారస్వామి రాజా గారి మాట. ఇవన్నీ రాయాల్సినవే. కానీ ఎవరూ రాయని చిన్న సంగతి ఒకటి ఉంది, దాన్ని మేము రాస్తున్నాము.

మేమంటే పెదనాన్న బిడ్డ, చిన్నాన్న బిడ్డ, ఇద్దరం అన్నదమ్ములం. దేశమంతటా పల్స్ పోలియో 1995 డిసెంబర్‌లో మొదలైంది. అంతకు ముందే మా ఇద్దరికీ పోలియో వచ్చేసింది. ఒకరికి కాలికి క్యాలిపర్, ఇంకొకరికి చంకలో కర్ర. మాలో ఒకరం కన్నడ బడిలో చదివి, తెలుగు అక్షరాలు పెద్దయ్యాక నేర్చినాము. తప్పులుంటే మన్నించండి.

బడిలో స్పోర్ట్స్ డే అంటే మాకు క్లాసులో బ్యాగులకు కాపలా. ఆ బాధ తీరిపోయిందనే అనుకున్నాము. మా పిల్లలు పరుగు పందెంలో నిలబడిన రోజు అది మళ్ళీ గుర్తొచ్చింది. తల్లిదండ్రులు కూర్చునే చోటు మెట్ల మీద ఉంది, పట్టుకోవడానికి కమ్మీ కూడా లేదు. మేము గేటు దగ్గరే నిలబడినాము. మైకులో పేరు వినబడింది, పరుగు కనబడలేదు. బిడ్డ రెండోదిగా వచ్చి మెట్ల వైపు చూసిందంట. సాయంత్రం ఇంటికొచ్చి, “నాయనా, మీరు రాలేదా?” అని అడిగింది. వచ్చినామని చెప్తే నమ్మలేదు.

ఆ రాత్రి మేము వెనక్కి వెళ్ళి చదివినాము. 1948 జూలై 29న, లండన్ ఒలింపిక్స్ మొదలైన రోజే, స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో డాక్టర్ లుడ్విగ్ గుట్‌మన్ 16 మంది గాయపడిన మాజీ సైనికులతో విలువిద్య పోటీ పెట్టినారు. పారాలింపిక్స్‌కు మూలం అదే. 1972లో హైడెల్‌బర్గ్‌లో మురళీకాంత్ పేట్కర్ ఈతలో మన దేశానికి మొదటి పారాలింపిక్ బంగారు పతకం తెచ్చినారు. 2016లో రియోలో సేలం జిల్లా మారియప్పన్ తంగవేలు ఎత్తు దూకి గెలిచినారు. 2024లో పారిస్‌లో వరంగల్ బిడ్డ జీవాంజి దీప్తి 400 మీటర్లలో కాంస్యం గెలిచింది.

ఇది ఆడినవాళ్ళ చరిత్ర. చూడడానికి వచ్చిన అమ్మానాన్నల చరిత్ర ఎక్కడుంది? వెతికితే చట్టాల్లో దొరికింది. 1995 చట్టంలో సౌకర్యాల మాట ఉంది, కానీ ప్రభుత్వ స్తోమతను బట్టి అన్నారు. 2016 చట్టం వేరు. చదువుకో, వినోదానికో జనం వాడే కట్టడం ప్రైవేటుదైనా సరే, అందరూ వెళ్ళగలిగేలా ఉండాలంది. రూల్స్ వచ్చిన ఐదేళ్ళలోపు పాత కట్టడాలను కూడా మార్చాలని గడువు పెట్టింది. ఆ రూల్స్ 2017లో వచ్చినాయి. చూపు లేని రాజీవ్ రతూరి గారు వేసిన కేసులో 2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు, ఉన్న రూల్స్ సలహాల్లాగా ఉన్నాయి, తప్పక పాటించేవి మూడు నెలల్లో రాయండి అని కేంద్రానికి చెప్పింది.

చదివినాక మాకు కోపం కన్నా ధైర్యం ఎక్కువ వచ్చింది. మాలో ఒకరిది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని. తప్పు దొరికితే తిట్టరు, ఎక్కడ, ఎలా అని రాసి ఇస్తారు. అలాగే రాసినాము. గేటు నుంచి గ్రౌండుకు ఎంత దూరం, ఎన్ని మెట్లు, నీడ ఎక్కడ, బాత్రూం గడప ఎంత ఎత్తు. పందెం ముగిసే గీత పక్కన సమంగా ఉన్న నేల మీద రెండు కుర్చీలు చాలని అడిగినాము.

మరుసటి ఏడు పీటీ సారు తానే కుర్చీలు వేయించినారు. ఖర్చు ఏమీ కాలేదు. మా పక్కన ఇంకో రెండు కుర్చీలు వేస్తే, మోకాళ్ళ నొప్పుల అవ్వ ఒకామె, నిండు గర్భిణి ఒకామె వచ్చి కూర్చున్నారు. అప్పుడు తెలిసింది, మెట్లెక్కలేనివాళ్ళం మేమిద్దరమే కాదని.

బిడ్డ ఈసారి నాలుగోది. కానీ గీత దాటగానే నేరుగా మా వైపే చూసింది. ఇంటి చరిత్రలో ఇది కూడా ఉండాలి.