పలకపై పేరు



మొన్న సంక్రాంతికి ఇంటికి వచ్చిన నా మనుమడు తన చేతి ఫోనులో నాకొక చిన్న చిత్రమును చూపెను. అది ఐదు నిమిషములకు మించదు. అమెరికా దేశపు పట్టణవీధిలో కొందరు నల్లజాతి యువకులు చక్రములుగల పలకలపై నిలిచి జారిపోవుచు, మెట్ల మీదినుండి క్రిందికి దూకుచుండిరి. "ఇదేమి కోతిచేష్టరా!" అంటిని. వాడు నవ్వి, చిత్రమును నిలిపి, పలక అడుగున అచ్చువేసిన పేరు చూపి, "తాతయ్యా, ఈ పలకల కంపెనీ కూడా ఒక నల్లజాతివాడిదే" అనెను. ఆ మాటతో నాకు నూరేండ్ల క్రిందటి మఱికొన్ని చిత్రములు జ్ఞప్తికి వచ్చినవి. ముందుగా వాటి సంగతి మనవి చేసెదను.

ఓక్లహోమా రాష్ట్రమున టల్సా నగరములో గ్రీన్‌వుడ్ అను పేట నల్లజాతివారిది. బానిసత్వము 1865లో చట్టరీత్యా తొలగినను, తెల్లవారి అంగళ్లలోను హోటళ్లలోను వారికి సమానమైన ప్రవేశము దొరకలేదు. కావున తమ డాలరు తమ పేటలోనే తిరుగునట్లు వారే అంగళ్లు తెఱచుకొనిరి. స్ట్రాడ్‌ఫర్డ్ అనునతడు 54 గదుల హోటలు కట్టెను. లౌలా విలియమ్స్ అను స్త్రీ డ్రీమ్‌లాండ్ అను సినిమాశాలను నడపెను. 1921 మే 31, జూన్ 1 తేదీలలో తెల్లవారి మూక ఆ పేటపై బడి, దోచి, తగులబెట్టెను. వేయికి పైగా ఇండ్లు కాలిపోయెను. మృతులు మూడువందలవఱకు ఉందురని చరిత్రకారుల అంచనా. భీమా కంపెనీలు పరిహార మియ్య నిరాకరించినవి. అది చాలదన్నట్లు, ఇకమీదట నిప్పంటని సామగ్రితోనే కట్టవలెనని నగరపాలకులు నిబంధన పెట్టిరి. ఉన్నదంతయు బూడిదయైన వానికి ఇటుకల కొనుటకు డబ్బెక్కడిది? ఫ్రాంక్లిన్ అను నల్లజాతి న్యాయవాది గుడారములో కచేరి పెట్టుకొని, వ్యాజ్యము నడపి, ఆ నిబంధనను కొట్టివేయించెను. పేట మరల లేచినది. డ్రీమ్‌లాండును మరల కట్టిరి.

ఈ లేచిన పేటను కంటితో చూడగలుగుట మన అదృష్టము. సాలమన్ సర్ జోన్స్ అను బాప్టిస్టు మతగురువు, (ఈ 'సర్' బిరుదు కాదు, ఆయన పేరే) విముక్తులైన బానిసల బిడ్డ, తానును వర్తకుడు, 1924 మొదలు 1928 వఱకు చిన్న కెమెరాతో ఊరూర తిరిగి 29 మూగచిత్రములు తీసెను. వానిలో కథ లేదు, నటులు లేరు. అంగళ్లు, బడులు, ఊరేగింపులు, ఏటిలో బాప్తిస్మములు, నల్లజాతివారి నూనెబావులు, అంతే. కాలిన మూడేండ్లకే మరల నిలిచిన గోడలవి. వీరు ఇక్కడ లేరని రేపు ఎవరును అనకుండుటకే ఆయన అంత శ్రమపడెనని నా నమ్మకము. ఆ చిత్రములు 2016లో అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలో చేరినవి.

ఇక పలక సంగతి. దీనిని స్కేట్ బోర్డు అందురు. మేపుల్ చెక్క పొరల నేడింటిని జిగురుతో అతికి చేయుదురు. వెడల్పు జానెడు, పొడవు రెండు మూరలకు కొంచెము తక్కువ. 1950 ప్రాంతములలో కాలిఫోర్నియా తీరమున సముద్రపు అలలపై పలకనెక్కి ఆడుకొను యువకులు, అలలు లేనినాడు పొద్దు పుచ్చుటకు ఇది కల్పించుకొనిరి. ఆటగాడు పేరుపొందినచో అతని పేరు పలకపై అచ్చువేసి అమ్ముదురు. అమ్మిన ప్రతి పలకకు అతనికి కొద్దిపాటి వాటా ముట్టును. లాభము కంపెనీ యజమానిది. పలకపై పేరుండుట వేఱు, కంపెనీ తనదగుట వేఱు.

ఫిలడెల్ఫియా నగరపు పేద పేటలో పుట్టిన స్టీవీ విలియమ్స్‌కు ఈ భేదము చక్కగా తెలిసినది. అతడును అతని మిత్రులును నగర మధ్యమునగల లవ్ పార్కు అను రాతిచప్టాల మైదానమున ఆట నేర్చిరి. తక్కిన ఆటగాండ్రు వారిని మురికిపేట పిల్లలని ఎగతాళి చేసిరి. 2002లో అతడు స్వంత కంపెనీ పెట్టి, ఆ తిట్టులోని మాటల మొదటి అక్షరములనే కూర్చి 'డీజీకే' అని దానికి పేరు పెట్టెను. తిట్టినవారి బిడ్డలును నేడు రొక్కమిచ్చి ఆ పేరు కొనుచున్నారు!

ఆ యేడే నగరపాలకులు ఆ మైదానమున ఆటను గట్టిగా నిషేధించిరి. దాని రూపకల్పనకు మూలపురుషుడైన ఎడ్మండ్ బేకన్ అప్పటికి 92 ఏండ్ల వృద్ధుడు. ఆయన తెల్లవాడు, ఆటగాడును కాడు. అయినను నిషేధమునకు నిరసనగా, ప్రక్కవారి ఊతతో, పత్రికలవారు చూచుచుండగా పలకనెక్కి జారెను. నా ఈడు వారలారా, మనకంత ధైర్యముండునా?

ఈ ఆటకు న్యాయనిర్ణేతలకంటె కెమెరాయే ముఖ్యము. పదుల సార్లు పడి, మోకాళ్లు చెక్కుకొనిపోయినపిదప ఒక్క దూకుడు కుదురును. మిత్రుడు కెమెరాతో వెంట జారుచు దానిని పట్టును. అట్టి తునుకలను కూర్చిన చిత్రములు ఒకప్పుడు క్యాసెట్లపై ఊరూర చేరినవి. లవ్ పార్కు రూపుమారి 2018లో మరల తెఱువబడినది. పాత చప్టాలు ఇప్పుడక్కడ లేవు. స్టీవీ ఎగిరిన తావులను చూడగోరువారు ఆ చిత్రములనే వెదకుకొనవలెను.

మనుమడు వెళ్లునాడు ఆ ఐదు నిమిషముల చిత్రమును మరల చూపుమంటిని. ఈసారి ఆటగాండ్రను విడిచి వెనుకనున్న వీధిని చూచితిని. ఒక మంగలి అంగడి వాకిట, మెడలో తువాలుతో, నెరసిన తలవాడొకడు చేతులు కట్టుకొని నిలిచి ఆ పిల్లలను చూచుచుండెను. ఒక కుఱ్ఱవాడు పడినపుడు ఒక్కడుగు ముందుకు వేసి, వాడు లేచినంతనే మరల వాకిటికి పోయెను.