మొసలి లెక్కలు, నది లెక్కలు

స్థానబలం గురించి చెప్పడానికి వేమన మొసలిని ఎంచుకున్నాడు. బళ్ళో తెలుగు చదివిన వాళ్ళలో ఆ పద్యం రానివాళ్ళు తక్కువ. మన దేశంలో మొసళ్ళ సంరక్షణ చరిత్ర చదువుతున్నంతసేపూ నాకు ఆ మాటే గుర్తొస్తూ ఉంది. ఈ కథలో గెలుపూ ఓటమీ రెండూ ఒకే రాష్ట్రంలో, ఒకే ఏడాది, ఒకే పద్ధతితో మొదలయ్యాయి. తేడా వచ్చింది చోటు దగ్గరే.

1970ల నాటికి మన నదుల్లో మొసళ్ళు దాదాపు అయిపోవచ్చాయి. తోలు కోసం వేట, గుడ్లు ఎత్తుకుపోవడం, వలలు, ఆనకట్టలు, అన్నీ కలిసి ఆ పని చేశాయి. 1972 వన్యప్రాణి చట్టం వేటని నిషేధించింది. 1974లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తరఫున వచ్చిన హెచ్. ఆర్. బస్టర్డ్ నదులు తిరిగి చూసి నివేదిక ఇచ్చాడు. సూత్రం తేలికైనదే. అడవిలో పుట్టిన పిల్లల్లో చాలా భాగం పెద్దవి కాకముందే చచ్చిపోతాయి కాబట్టి, గుడ్లు తెచ్చి పొదిగించి, పిల్లలు మీటరు దాటేదాకా పెంచి, తిరిగి నీళ్ళలో వదలాలి. 1975లో ఒడిశాలో పని మొదలైంది. మహానది మీద సత్కోసియా లోయలోని టికర్‌పడాలో ఘరియాల్‌కి, భితర్‌కనికా మడ అడవుల్లోని దంగ్‌మాల్‌లో ఉప్పునీటి మొసలికి కేంద్రాలు పెట్టారు. అటవీ సిబ్బందికి శిక్షణనిచ్చే కేంద్ర సంస్థ మాత్రం మన హైదరాబాదులోనే వెలిసింది.

ఇక లెక్క. మొసలిని లెక్కపెట్టడమంటే పులి అడుగులు వెతకడం లాంటిది కాదు. రాత్రి పడవలో వెళుతూ టార్చి వేస్తే దాని కళ్ళు నిప్పుకణికల్లా ఎర్రగా మెరుస్తాయి. దగ్గరికి వెళ్ళి పొడవు అంచనా కట్టాలి. ఈలోగా అది మునిగిపోతే పుస్తకంలో ‘కళ్ళు మాత్రమే’ అని రాసుకుంటారు. చలికాలంలో ఎండ కాచుకోవడానికి బురద గట్లెక్కుతాయి గనుక, భితర్‌కనికాలో ఏటా జనవరిలో పగలు కూడా లెక్కిస్తారు. ఆటుకి నీరు తీసినప్పుడు ఎక్కువ కనబడతాయి. కాబట్టి చేతికొచ్చే అంకె ఉన్నవాటిది కాదు, కనబడ్డవాటిది. అవే పాయల్లో, అదే రుతువులో, ఏటా అదే పద్ధతిలో చేస్తేనే ఆ అంకెకి అర్థం.

అలా చూస్తే భితర్‌కనికా కథ గొప్పదే. 1970ల మధ్యలో వందలోపు ఉన్న మొసళ్ళు ఈ మధ్య లెక్కల్లో 1,800 దాటాయి. సత్కోసియాలో మాత్రం వందల పిల్లల్ని వదిలినా దశాబ్దాల పాటు గూడు కనబడలేదు. చివరికి 2021లో 28 పిల్లలు సహజంగా పుట్టినప్పుడు అదే పెద్ద వార్త అయింది.

ఎందుకిలా? ఉప్పునీటి మొసలికి కావలసిన పాయలూ, మడ చెట్లూ, ఆకులూ అలమూ పోగేసి గూడు కట్టుకునే గట్లూ భితర్‌కనికాలో మిగిలే ఉన్నాయి. ఘరియాల్‌కి పారే లోతు నీళ్ళు, ఇసుక తిన్నెలు, చేపలు కావాలి. ఎగువన హిరాకుడ్ నీటి లయని మార్చేసింది. వలలో చిక్కుకున్న ఘరియాల్ ఊపిరందక చస్తుంది. తొట్టెలో పిల్లని పెంచగలిగాం, నదిని పెంచలేకపోయాం.

అయితే గెలిచిన చోట కూడా లెక్క తేలలేదు. భితర్‌కనికా చుట్టూ కేంద్రపడా జిల్లా పల్లెల్లో మనుషులు రేవులో స్నానానికి దిగి ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు. రేవుల చుట్టూ కంచెలు కడుతున్నారు గానీ, నీళ్ళ కోసం, చేపల కోసం ఏటికి వెళ్ళక తప్పని మనిషికి ఆ కంచె ఎంతదాకా కాపు? నా ఉద్దేశంలో, జనవరి లెక్క బయటికొచ్చినప్పుడల్లా దాని పక్కనే ఆ ఏడు ఎన్ని ఊళ్ళ రేవులకి రక్షణ దొరికిందో కూడా రాయాలి. స్థానబలం మొసలికి తిరిగి ఇచ్చాం, మంచిదే. అదే చోటు మీద బతుకుతున్న మనుషులకీ ఆ బలం మిగలాలి.