వృద్ధుల పోషణము – గంజాం మండలము

ముసలివాని మొలత్రాటికి ఇనుపపెట్టె తాళపుచెవి వ్రేలాడినంత కాలము, వానికి అన్నము పెట్టుడని కోర్టువారు చెప్పవలసిన పని లేకుండెను. మన గంజాం మండలము మద్రాసు రాజధానిలో నున్న దినములలో ఇక్కడి ఆంధ్రులకు మితాక్షర ధర్మమే ప్రమాణము. పిత్రార్జితము ఉన్నను లేకున్నను వృద్ధులైన తల్లిదండ్రుల పోషణ భారము కుమారునిదే యని ఆ ధర్మము. విధవయైన తల్లి సంగతి మాత్రము అప్పుడును వేరు; ఆమె చేతికి తాళపుచెవి వచ్చుట అరుదు.

1930లో వచ్చిన విద్యార్జిత ధన శాసనముతో ఇంటి లెక్క మారినది. అంతకుముందు కుటుంబపు సొమ్ముతో చదివినవాని జీతమును ఉమ్మడి సొత్తని వాదించుటకు వీలుండెను. ఆపైన జీతము జీతగానిదే. నావంటి గుమాస్తాలకు అది మేలు చేసిన శాసనమే. కాని తండ్రి చేతి పట్టు సడలినది. 1936 ఏప్రిల్ 1న బరంపురము ఒడిశాలో చేరినను ఈ ధర్మము మారలేదు.

1898 నాటి క్రిమినలు ప్రొసీజరు కోడులోని 488వ సెక్షను భార్యకును బిడ్డలకును భరణ మిప్పించెనే గాని తల్లిదండ్రుల ఊసెత్తలేదు. 1956 నాటి హిందూ దత్తత భరణ శాసనము కుమారునితోపాటు కుమార్తెను గూడ బాధ్యురాలిని చేసినది; అయితే సివిలు దావా వేయవలెను. 1973 నాటి కోడు 125వ సెక్షను క్రింద తల్లిదండ్రులు మేజిస్ట్రేటు నాశ్రయించుటకు వీలు కలిగినది. పెండ్లియైన కుమార్తెయు దీనికి లోబడునని 1987లో సుప్రీంకోర్టు తేల్చినది. 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన కొత్త సంహితలో అది 144వ సెక్షను.

వీటన్నిటికంటె సులభమైనది 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ శాసనము. ఒడిశా నియమములు 2009లో వెలువడినవి. సబుకలెక్టరు స్థాయి అధికారి ట్రిబ్యునలుకు పెద్ద. మన మండలమున బరంపురము, ఛత్రపురము, భంజనగరము అను మూడు సబుడివిజనులు గలవు. నోటీసు అందిన 90 దినములలో అర్జీ తేల్చవలెను. భరణము నెలకు 10,000 రూపాయలు మించరాదు. వృద్ధులను దిక్కులేక విడిచిన వారికి మూడు మాసముల వరకు ఖైదు గాని, 5,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును.

ఇందు 23వ సెక్షనును గూర్చి కొంచెము విరివిగా చెప్పవలసియున్నది. నేను ఉద్యోగమందుండగా దానపత్రము లెన్నియో నా చేతిమీదుగా నడచినవి. తల్లి వేలిముద్ర వేయును, కొడుకు ఇల్లు పుచ్చుకొనును. యావజ్జీవము అన్నవస్త్రములిచ్చి పోషింపవలెనను పంక్తి యొకటి వ్రాయించుకొనుమని ఆమెతో మాలో నెవ్వరును అనలేదు. అది మా పని కాదనుకొంటిమి. ఆ పంక్తి లేక, తాను కట్టించిన ఇంటి వసారాలోనే పరాయిదై బ్రతికిన యొక ముసలమ్మను నేనెరుగుదును. 23వ సెక్షను ప్రకారము, పోషింతునను షరతుతో పుచ్చుకొని పోషింపనిచో ఆ దానమును రద్దు చేయింపవచ్చును. శాసనము అమలైన తరువాతి దానములకే యిది వర్తించును. షరతు స్పష్టముగా నుండవలెనని 2022లో సుప్రీంకోర్టు చెప్పినది. 2025 జనవరిలో మధ్యప్రదేశము ఛత్తర్‌పూరు (మన ఛత్రపురము కాదు) నుండి వచ్చిన వ్యాజ్యములో, కొడుకు విడిగా వ్రాసియిచ్చిన మాటపత్రమును గూడ లెక్కలోనికి తీసికొని, తల్లి యిచ్చిన దానమును రద్దు చేసినది.

బరంపురములో పెద్దలు పలువురకు ఒడియా మాట వచ్చును, వ్రాత రాదు. అర్జీ పెట్టలేనివారు అధికారమిచ్చినచో, 1860 నాటి శాసనము క్రింద రిజిస్టరైన సంఘము వారి పక్షమున అర్జీ పెట్టవచ్చునని 5వ సెక్షను చెప్పుచున్నది. మన సంఘములలో రెండు లిపులును వ్రాయగలవారు ఇంకను కొందరున్నారు.