టారస్: తనంతట తానే గాలిలోకి లేచే గ్లైడర్
సాధారణ గ్లైడర్‌కు సొంతంగా గాలిలోకి లేచే శక్తి ఉండదు. మరో విమానమో, నేలపై ఉన్న యంత్రమో దానిని తాడుతో లాగాలి. ఈ అవసరం లేకుండా స్లొవేనియాకు చెందిన పిపిస్ట్రెల్ సంస్థ రూపొందించినదే రెండు సీట్ల తేలికపాటి మోటార్ గ్లైడర్ ‘టారస్’.

మిశ్రమ పదార్థాలతో నిర్మించిన దీని రెక్కల మొత్తం వెడల్పు సుమారు 15 మీటర్లు. పక్కపక్కనే రెండు ప్రధాన చక్రాలు ఉన్నందున, నేలపై రెక్క కొనను పట్టుకునేందుకు సహాయకుడు అక్కరలేదు. తగిన ఎత్తుకు చేరాక ఇంజిన్‌ను ఆపి, ప్రొపెల్లర్‌తో సహా కాక్‌పిట్ వెనుక భాగంలోకి ముడుస్తారు. అప్పుడు, సంస్థ గణాంకాల ప్రకారం, ఒక కిలోమీటరు ఎత్తు తగ్గేలోగా నిశ్చలమైన గాలిలో సుమారు 41 కిలోమీటర్లు సాగుతుంది.

అయితే బయటకు తీసిన ఇంజిన్ స్టార్ట్ కాకపోతే గాలి నిరోధం పెరిగి, గ్లైడర్ వేగంగా ఎత్తు కోల్పోతుంది. అందుకే దిగేందుకు అనువైన స్థలం అందుబాటులో ఉండగానే పైలట్ ఇంజిన్‌ను బయటకు తీయాలి.

దీని విద్యుత్ రూపం ‘టారస్ ఎలక్ట్రో’. టారస్ ఆధారంగా రూపొందిన నాలుగు సీట్ల విద్యుత్ విమానం ‘టారస్ జీ4’ 2011లో అమెరికాలో నాసా నిధులతో జరిగిన ఇంధన పొదుపు విమానాల పోటీలో 13.5 లక్షల డాలర్ల ప్రథమ బహుమతి గెలుచుకుంది.